బోదకాలు మాత్ర వెనుక భీమవరం బిడ్డ

డి.ఇ.సి. మాత్రలంటే గోదావరి జిల్లాల పల్లెలకు కొత్తగా చెప్పనక్కరలేదు. బోదకాలు రాకుండా ఏడాదికొకసారి మింగమని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చేతిలో పెట్టినవే అవి. పుచ్చుకున్నవారిలో కొందరు మింగారు. కొందరు తర్వాత వేసుకుంటామని చూరులో దోపారు. దొడ్లో పారవేసిన వారికీ కొదవ లేదు. జబ్బు లేని మనిషికి మందెందుకన్న ప్రశ్న ప్రతి అరుగు మీదా వినవచ్చింది.

ఆ మాత్రలోని మందును 1947లో లోకానికి అందించిన పరిశోధక బృందానికి పెద్ద, నేడు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో పుట్టినవారు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణీ స్త్రీలకు నర్సమ్మ ఇచ్చే ఎర్రమాత్రలోని ఫోలిక్ యాసిడ్ తయారీకి నాయకత్వం వహించిందీ ఆయనే. కీళ్ళవాతానికి, కొన్ని రకాల కేన్సరుకు వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ జాతికి మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనాలయం నుంచి వచ్చినవే.

ఆయనను గొప్ప శాస్త్రజ్ఞుడని పొగడటం, జయంతినాడు పటానికి దండ వేయడం జరుగుతూనే ఉంది. కాని ఆయన మందులను పల్లెలో చేతులతో పంచేది పెద్ద డాక్టర్లు కారు. ఏ.ఎన్.ఎం.లు, ఆరోగ్య కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి కాంపౌండర్లు. ఎవరికి ఎన్ని మాత్రలు, తినకముందా తిన్న తర్వాతా, ఎవరికి అసలు ఇవ్వకూడదు అన్నది వారికి తెలిసి ఉండటం మీదే ఆయన మందుల ఫలితమంతా ఆధారపడి ఉంది. ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చూడటం అరుదు.

అరటిపళ్ళ బేరం

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. ఆరోగ్యం దెబ్బతిని ఆయన ముందుగానే ఉద్యోగం మానుకున్నారు. తల్లి వెంకమ్మ. సంతానం పెద్దది, రాబడి చిన్నది. ఇంటి బరువంతా తల్లి మీదే పడింది.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి పారిపోయారు. కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలన్నది ఆలోచన. తల్లి ఊరుకోలేదు. దారిలోనే పట్టించి వెనక్కు తెప్పించారు. తర్వాత మంగళసూత్రాలు అమ్మి మరీ కొడుకును రాజమండ్రి చదువుకు పంపారు. ఈనాటికీ మన ఊళ్ళలో పిల్లవాడి ఫీజు కోసం నగ తాకట్టు పెట్టే తల్లులున్నారు గాని, పుస్తెలు అమ్మడమంటే ఆ రోజుల్లో సామాన్యమైన మాట కాదు.

అంతా చేసి కుర్రవాడు పరీక్ష తప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. 1913లో తండ్రి పోయారు. మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చేరి మూడవసారి రాసి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతున్నప్పుడు మనసు సన్యాసం వైపు తిరిగింది. రామకృష్ణ మఠంలో చేరబోతే, వైద్యం చదివి జనానికి సేవ చేయమని అక్కడివారు హితవు చెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో అడుగుపెట్టారు. చదువు ఖర్చుకు స్నేహితులతోపాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి తోడ్పడ్డారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహమైంది.

గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన కాలమది. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స నేర్పే తెల్లదొరకు ఇది కిట్టలేదు. రాతపరీక్షల్లో మంచి మార్కులు వచ్చినా చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నించగా అదీ దొరకలేదు. ఖద్దరు అంగీ ఖరీదు ఆయనకు జీవితాంతం పడిందనే చెప్పాలి.

అన్నదమ్ముల మరణం

ఆ రోజుల్లోనే ఇంట్లో పిడుగు పడింది. 1921లో అన్న పురుషోత్తం సంగ్రహణి జబ్బుతో చనిపోయారు. ఇంగ్లీషు వైద్యులు దానిని స్ప్రూ అంటారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎముకల గూడవుతాడు. అన్న పోయిన ఎనిమిది రోజులకే తమ్ముడు కృష్ణమూర్తి కూడా కన్నుమూశారు. వైద్యం చదివిన వ్యక్తి ఇంట్లోనే ఉండి ఏమీ చేయలేకపోయారు. ఆనాటి వైద్యపుస్తకాల్లో ఆ జబ్బుకు మందు లేదు.

సుబ్బారావును కూడా అదే జబ్బు పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. తర్వాత లక్ష్మీపతిగారు నడిపే ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. ఆయుర్వేద ఔషధాలలో ఏ పదార్థం పని చేస్తున్నదో విడదీసి తెలుసుకోవాలన్న తపన అక్కడే మొదలైంది. అందుకు తగిన ప్రయోగశాల మద్రాసులో లేదు. అమెరికా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు మరికొంత పోగుచేశారు. భార్యను పుట్టింట వదిలి, త్వరలోనే తిరిగి వస్తానని చెప్పి ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరారు. ఆయన వెళ్ళాక పుట్టిన మగబిడ్డ ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డ ముఖం తండ్రి చూడలేదు.

మలమూత్రాలు ఎత్తిన డాక్టరు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదువులో చేరారు గాని చేతిలో డబ్బు లేదు. మద్రాసు పట్టాకు అమెరికాలో డాక్టరుగా పనిచేసే అర్హత రాలేదు. బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడగడం ఆ ఉద్యోగం. పగలు హార్వర్డ్ పాఠాలు, రాత్రి వార్డులో పని.

పల్లె ఆసుపత్రిలో వార్డుబాయిని, ఆయమ్మను చిన్నచూపు చూసేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు. మూత్రం రంగు ఎలా ఉంది, రోగి ఎన్నిసార్లు లేచాడు అన్నది ముందుగా కనిపెట్టేది ఆ పని చేసేవారే. సుబ్బారావు తర్వాతి పరిశోధన కూడా రక్తంలో, మూత్రంలో, కండరాల్లో ఏ పదార్థం ఎంత ఉందో కొలవడంతోనే ప్రారంభమైంది.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క తేల్చే ఆ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు. జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు తరాల తరబడి దానిని నేర్చుకున్నారు. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని ఇద్దరూ వెల్లడించారు. నాగలి పట్టినా, బరువు మోసినా కండరం ఖర్చుపెట్టే శక్తి ఎ.టి.పి. నుంచే వస్తుంది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో విడిగా దానిని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డ్ మాత్రం ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. పది సంవత్సరాలు పైగా చిన్న ఉద్యోగంతోనే సరిపెట్టుకున్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనాలయంలో చేరారు. కొద్ది కాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ళ ఆయుర్దాయంలోనే ఆయన పేరు చెప్పుకునే మందులన్నీ వచ్చాయి.

ఎర్రమాత్ర కథ

ఫోలిక్ యాసిడ్ కథకు మూలం మన దేశంలోనే ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులను పరీక్షించారు. ఇనుము ఇచ్చినా తగ్గని ఒకరకం రక్తహీనత వారిలో కనబడింది. ఈస్టు నుంచి తీసిన సారం తినిపిస్తే తగ్గిందని 1931లో ఆమె ప్రకటించారు. ఈస్టులో ఉన్న ఆ పదార్థమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. 1941లో అమెరికాలో మరికొందరు శాస్త్రజ్ఞులు టన్నుల కొద్దీ పాలకూర వడగట్టి దానిని చిటికెడంత తీశారు. ఆకు నుంచి వచ్చింది కనుక ఫోలిక్ అని పేరు పెట్టారు. టన్నుల పాలకూరకు చిటికెడు మందు వస్తే పల్లెలో నర్సమ్మ సంచీలోకి ఎలా వస్తుంది? దానిని కర్మాగారంలో తయారుచేసే మార్గం 1945లో సుబ్బారావు బృందం సాధించింది.

ఆ మందు చేతికి రాగానే టామ్ స్పైస్ అనే అమెరికన్ డాక్టరు క్యూబా దేశంలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నోటిపూత మానింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. ఇరవై ఐదేళ్ళ క్రితం అన్నను మింగిన జబ్బు ఒక మాత్రకు లొంగింది. సుబ్బారావు బతుకులో ఇంతకు మించిన ఘట్టం లేదు. దాని గురించి ఆయన ఎక్కడా గొప్పగా చాటుకున్నట్టు కనబడదు.

మన దేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రలు ప్రభుత్వం తరఫున పంచడం 1970లో మొదలైంది. ఇప్పుడిచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగవ నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వాడాలి. అన్నం తిన్న తర్వాత నీళ్ళతో వేసుకోవాలి. టీతోనో పాలతోనో మింగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. కాల్షియం మాత్రను అదే పూట కలిపి వేసుకోకూడదు. విరేచనం నల్లగా అవుతుంది. దీన్ని చూసి భయపడి మానేసేవారే ఎక్కువ. అది ఇనుము రంగు, ప్రమాదం లేదు. ఇదంతా మాత్రల పట్టీ ఇచ్చేటప్పుడు ఒక నిమిషం ఆగి చెప్పవలసిన మాట. చెప్పకుండా ఇచ్చిన పట్టీలు పెట్టెల్లో అలాగే ఉండిపోతాయి.

ఫోలిక్ యాసిడ్‌కూ ఒక మెలిక ఉంది. బి-12 విటమిన్ లోపించి రక్తం తగ్గిన మనిషికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరిగినట్టు కనిపిస్తుంది గాని లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయి. 1940 దశకంలోనే వైద్యులు ఈ సంగతి గమనించారు. కాళ్ళు చేతుల తిమ్మిరితో వచ్చిన ముసలివారికి రక్తం మాత్రలిచ్చి పంపేయకుండా డాక్టరు వద్దకు పంపడం అందుకే అవసరం.

తిరగని తాళంచెవి

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తపు కేన్సరు పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి మందు ఇచ్చి చూడగా జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగినట్టు తోచింది. అలాగైతే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు జబ్బును ఆపాలి గదా అన్నది తర్వాతి ఆలోచన. సుబ్బారావు బృందం అటువంటి మందులు తయారుచేసి ఇచ్చింది. చూడటానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటాయి, తాళంలో దూరుతాయి, తిరగవు. వేగంగా పెరిగే కణం దానిని నమ్మి చతికిలబడుతుంది. 1947 చివరలో అమినోప్టెరిన్ అనే మందును పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనబడిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ఆ గుణం కొన్ని నెలలే నిలిచింది. అయినా, చావు తప్ప దారి లేదనుకున్న జబ్బు మందుకు వెనక్కు తగ్గడం అదే మొదలు. అదే కుదురులో వచ్చిన మెథోట్రెక్సేట్ అంతకంటే మేలైనదని తేలింది. గర్భసంచిలో వచ్చే ఒకరకం కేన్సరును 1956లో ఆ మందుతో పూర్తిగా నయం చేయగలిగారు.

మెథోట్రెక్సేట్ ఇప్పుడు పల్లె మందుల షాపుల దాకా వచ్చింది. కీళ్ళవాతానికి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి డాక్టర్లు తక్కువ మోతాదులో రాస్తున్నారు. ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. ఈ జబ్బులకు ఆ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. బీపీ మాత్ర లాగా రోజూ మింగితే నోరు పుండవుతుంది, ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇలా పొరపాటున రోజూ మింగి చనిపోయినవారు అనేక దేశాల్లో ఉన్నారు. చీటీ మీద వారం పేరు రాయించుకోవడం, ఆదివారమో బుధవారమో ఒకటే రోజు పెట్టుకోవడం తప్పనిసరి. గర్భిణులకు ఇది పనికిరాదు. ఈ మందు దోషాన్ని తగ్గించడానికి డాక్టర్లు వెంట రాసేది ఫోలిక్ యాసిడే. విషమూ విరుగుడూ ఒకే ప్రయోగశాల నుంచి రావడం విచిత్రం. రెండూ పచ్చగానే ఉంటాయని రెండు పట్టీలూ ఒకే సంచిలో వేసుకుని ఒకదానికి బదులు మరొకటి మింగే అవకాశమూ ఉంది. అందుకే ఆ రెంటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టుకోవడం మంచిది.

దోమ కుట్టిన సైనికులు

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులు ఫైలేరియా బారిన పడ్డారు. అప్పటిదాకా పేద దేశాల జబ్బుగా పక్కనపెట్టిన బోదకాలు ఒక్కసారిగా మందుల కంపెనీల దృష్టికి వచ్చింది. దొరకు జబ్బు చేస్తేనే మందు పుడుతుందన్నమాట ఇక్కడ అక్షరాలా నిజమైంది. ఏది ఏమైనా ఆ పని గోదావరి డెల్టా మనిషి చేతికి రావడం కాకతాళీయమే గాని, ఎంతో సముచితం. బోదకాలు, వరిబీజం మనుషులను చూడకుండా ఆ రోజుల్లో ఇక్కడ పెరగడం సాధ్యం కాదు.

అంతకుముందు ఫైలేరియాకు అంజనం, పాషాణం కలిసిన మందులు వాడి చూశారు. పురుగుతోపాటు మనిషికీ హాని చేసే మందులవి. సుబ్బారావు, హెవిట్, కుష్నర్ తదితరుల బృందం పైపరజిన్ అనే పదార్థం నుంచి రకరకాల మందులు తయారుచేసి, ఫైలేరియా పురుగులున్న కాటన్ ర్యాట్ అనే అమెరికా ఎలుకలకూ, గుండెలో పురుగులున్న కుక్కలకూ ఇచ్చి పరీక్షించింది. వాటిలో నిలిచింది డైఈథైల్ కార్బమజైన్. పొడి అక్షరాల్లో డి.ఇ.సి. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. 1947లో పోర్టోరికో దీవిలో ఫైలేరియా రోగులకు ఇవ్వగా రక్తంలోని పిల్లపురుగులు త్వరలోనే మాయమయ్యాయి. సూది అవసరం లేదు, నోటితో మింగే మాత్ర చాలు. పెద్ద ఆసుపత్రి లేని చోట పంచడానికి ఇంతకంటే అనువైన మందు ఉండదు.

ఈ మందు గాజుగొట్టంలో పురుగు మీద పోస్తే పెద్దగా ఏమీ చేయదు. మనిషి ఒంట్లోకి వెళ్ళాక మాత్రం పిల్లపురుగు మన తెల్లరక్తకణాలకు పట్టుబడేటట్లు చేస్తుంది. ఒంట్లోని కాపలాదారుకు దొంగను చూపించడమే దాని పని.

మింగితేనే మందు

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. పిల్లపురుగులు పగలు లోపలి భాగాల్లో దాగి, రాత్రి పొద్దుపోయాక పైరక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది లాంతర్లు పట్టుకుని అర్ధరాత్రి తలుపులు తట్టి వేలి మీద నెత్తురు తీసేవారు. జనం విసుక్కున్నారంటే ఆశ్చర్యం లేదు. పురుగు ఉన్నట్టు తేలినవారికే 12 రోజుల మాత్రలు ఇచ్చేవారు. అయితే, ఒంట్లో పురుగున్నా కాలు వాయని మనుషులు ఊరినిండా ఉంటారు. వారిని కుట్టిన దోమే మరొకరికి అంటిస్తుంది. ఒక్కొక్కరినీ పరీక్షించడం తలకు మించిన పని గనుక, జబ్బున్న జిల్లాల్లో అందరికీ ఏడాదికొకసారి ఒకే మోతాదు ఇచ్చే పద్ధతి 2004 నుంచి దేశమంతటా చేపట్టారు. 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ మాత్ర తోడయింది. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడవ మందును చేర్చారు.

జబ్బు లేని మనిషికి మందెందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. పెద్దపురుగు ఒంట్లో నాలుగైదేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి బతుకుతుంది. అది పిల్లలు పెడుతున్నంత కాలం ఏటేటా ఆ పిల్లలను తుడిచివేస్తే దోమకు దొరికేది ఉండదు. ఊళ్ళో నూటికి పదిమంది మింగితే ప్రయోజనం శూన్యం. అర్హులైన అందరూ వరుసగా కొన్నేళ్ళు మింగాలి.

ఆల్బెండజోల్‌తో కలిపి ఇచ్చేటప్పుడు డి.ఇ.సి. లెక్క ఇలా ఉంది. 100 మిల్లీగ్రాముల మాత్ర 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు ఒకటి, 6 నుంచి 14 ఏళ్ళవారికి రెండు, 15 దాటినవారికి మూడు. రెండేళ్ళ లోపు పసివారికి, గర్భిణులకు, మంచం పట్టిన రోగులకు ఇవ్వరాదు. పరగడుపున మింగకూడదు. కార్యకర్త ఎదుటే మింగించాలన్నది నియమం. పొలానికి పోయిన మగవాళ్ళ వాటా మాత్రలు ఆడవాళ్ళ చేతికిచ్చి రిజిస్టరులో టిక్కు పెట్టుకుని పోతే రిజిస్టరు నిండుతుంది, పురుగు చావదు. అటువంటివారి కోసం సాయంత్రం మళ్ళీ రావాలి. కష్టమే, కాని సుబ్బారావు మందు పనిచేసే దారి అదొక్కటే.

మింగిన తర్వాత కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతి వస్తాయి. మందు చెడ్డదని ఊరంతా గుప్పుమనడానికి ఇది చాలు. నిజానికి ఆ జ్వరం చాలావరకు ఒంట్లో చచ్చే పురుగుల మూలంగా వచ్చేది. పురుగు ఎక్కువ ఉన్నవారికే బాధ ఎక్కువ. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఇది ముందే చెప్పిన కార్యకర్తను జనం మర్నాడు నమ్ముతారు. చెప్పకపోతే తలుపు వేసుకుంటారు. బాధ తీవ్రంగా ఉంటే మాత్రం ఆసుపత్రికి చేర్చవలసిందే.

ఇంకో సంగతి. అప్పటికే బాగా వాచిన కాలును ఈ మాత్ర సన్నం చేయదు. ఆ కాలును రోజూ సబ్బుతో కడిగి తుడిచి, పుండు పడకుండా చూసుకోవడమే చికిత్స. వరిబీజానికి ఆపరేషన్ ఉంది. అలాగే ఆఫ్రికాలో నదీతీరపు అంధత్వం తెచ్చే మరో జాతి పురుగు ఉన్నచోట డి.ఇ.సి. ఇవ్వరు, కళ్ళకు ముప్పు వస్తుంది. ఒక ఊరికి అమృతమైన మందు మరో ఊరికి చేటు కావచ్చు.

చివరి సంవత్సరం

లెడర్లీలో సుబ్బారావు చేరదీసినవారిలో బెంజమిన్ డగ్గర్ ఒకరు. డెబ్బై దాటి విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన వృక్షశాస్త్రజ్ఞుడాయన. అనేక చోట్ల నుంచి తెప్పించిన మట్టిని పరీక్షిస్తూ 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దాని నుంచి తీసిందే ఆరియోమైసిన్. 1948లో అది వెలుగులోకి వచ్చింది. ఆ జాతి టెట్రాసైక్లిన్‌నే 1994లో సూరత్‌లో ప్లేగు భయం వచ్చినప్పుడు జనం షాపుల మీద పడి కొన్నారు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ ఇస్తే పిల్లల పళ్ళు పసుపు పచ్చబడతాయి. పాలతో వేసుకుంటే మందు ఒంటబట్టదు. కాలం చెల్లిన టెట్రాసైక్లిన్ మూత్రపిండాలకు హాని చేసిన సందర్భాలున్నాయి కనుక అట్టపెట్టె మీద తేదీ చూడకుండా ఎవరూ ఇవ్వకూడదు.

ఆరియోమైసిన్ ప్రకటించిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53 ఏళ్ళు. అమెరికా వెళ్ళిన తర్వాత ఆయన మళ్ళీ స్వదేశం రాలేదు. తల్లిని, భార్యను మళ్ళీ చూడలేదు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. నోబెల్ బహుమతి ఆయన దరిచేరలేదు. తన బృందం చేసిన పనికి వేదికల మీద ఇతరులను నిలబెట్టి తాను వెనుక ఉండటం ఆయన అలవాటని తెలిసినవారు రాశారు. అది మంచి గుణమే అయినా, దానివల్లే సొంత జిల్లావారికి కూడా ఆయన పేరు ఆలస్యంగా తెలిసింది. ఒక జాతి బూజుకు 1950 దశకంలో శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఫైలేరియాను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సభ 1997లో తీర్మానించింది. భారత ప్రభుత్వం పెట్టుకున్న గడువు 2027. సుబ్బారావు బృందం వెలికితీసిన మందే ఈ దేశంలో ఆ పనికి నేటికీ ఆధారంగా ఉంది.